పిట్టల సంఘంవారి ఉప్మా

కంచరపాలెంలో రైలు గేటు దాటి ఎడమ చేతివైపు తిరిగితే, పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద ఉన్న పెంకుటిల్లు ఆదిలక్ష్మమ్మది. కాగితాల్లో మొగుడి పేరే ఉంది గాని, ఆ వీధిలో ఎవరూ దాన్ని గురునాథరావు ఇల్లనరు. కారణం వడియాలు. ఎండలు ముదిరాయంటే చాలు, ఆవిడ బూడిదగుమ్మడికాయలు తెప్పించి, మినప్పప్పు రుబ్బి, వాకిట్లో పాత పంచెలు పరిచి వడియాలు పెట్టేది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా విస్తట్లో ఆదిలక్ష్మమ్మ వడియం లేకపోతే పెట్టినవాళ్ళకి నామోషీ. ఆవిడకి చదువు లేదు, చెప్పుకోదగ్గ నగల్లేవు. ఉన్న పరువంతా ఆ పంచెల మీదే ఎండుతూ ఉండేది.

గురునాథరావు పోర్టులో గుమాస్తా. విజయనగరం అవతల ఒక పల్లె నుంచి వచ్చిన రైతు బిడ్డ. తాగుడు లేదు, పేకాట లేదు, గట్టిగా మాట్లాడ్డం కూడా లేదు. ఎంత అదృష్టవంతురాలివమ్మా అని అందరూ అంటుంటే ఆదిలక్ష్మమ్మ నిట్టూర్చేది. ఏదో ఒక మామూలు వ్యసనం ఉండి ఉంటే నలుగురితో చెప్పుకుని ఏడవడానికైనా వీలుండేది. ఆయనకున్నది పిట్టల పిచ్చి. దాని గురించి ఏడిస్తే వినేవాళ్ళు నవ్వుతారు.

ఆ పిచ్చికి ఒక సంఘం కూడా ఉంది. అది పుట్టింది ఎమర్జెన్సీ రోజుల్లో. నలుగురు ఒకచోట చేరితే ఎందుకు చేరారని అడిగే కాలం అది. అటువంటప్పుడు రిటైరైన హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి గారు పక్షి సంరక్షణ సంఘం పెట్టి, పొద్దు పొడవగానే మనుషుల్ని పోగేసి పొదల్లో కూర్చోబెట్టేవారు. ఒకసారి పోలీసు జవాను వచ్చి ఏం చేస్తున్నారని అడిగితే, చప్పుడు చెయ్యొద్దని అతన్నే గదమాయించారు. జవాను కూడా కాసేపు పొదలో కూర్చుని, ఏమీ కనబడక వెళ్ళిపోయాడు.

సంఘానికి శ్రీరామ్మూర్తి గారు అధ్యక్షులు. రైల్వే గార్డు తాతబాబు కార్యదర్శి. గురునాథరావు ఉత్త సభ్యుడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండేవారు గాని, వాళ్ళు పిట్టల కోసం వచ్చేవారో ఆదిలక్ష్మమ్మ ఉప్మా కోసం వచ్చేవారో తేల్చి చెప్పడం కష్టం. ఆదివారం పొద్దున్నే పిట్టల్ని చూసి, తిన్నగా వచ్చి ఆవిడ అరుగు మీద కూర్చోవడం వాళ్ళ ఆనవాయితీ. ఆవిడ ఉప్మా చేసి పెట్టేది. అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు అన్నీ ఉండేవి, జీడిపప్పు మాత్రం ఉండేది కాదు. జీడిపప్పు వియ్యాలవారికీ డాక్టరుగారికీ. చెట్ల వెంట తిరిగేవాళ్ళకి అది అక్కర్లేదని ఆవిడ అభిప్రాయం.

సంఘం మొత్తానికి ఒకటే బైనాక్యులర్. హార్బరులో ఏదో గ్రీకు ఓడ నావికుడి దగ్గర తాతబాబు సంపాదించాడు. దానికి ఒక కన్ను మసక. ముందు అధ్యక్షులవారు తృప్తి తీరా చూసేవారు. తరవాత కార్యదర్శి. తరవాత వయసును బట్టి మిగతావాళ్ళు. గురునాథరావు అందరికన్నా చిన్నవాడు, పైగా మొహమాటస్తుడు. ఆయన చేతికి వచ్చేసరికి పిట్ట ఎగిరిపోయేది, ఊగుతున్న కొమ్మ మిగిలేది. ఆ విధంగా ఏళ్ళ తరబడి ఆయన విశాఖపట్నం చుట్టూ ఉన్న కొమ్మలన్నీ చూశాడు. అయినా ఇంటికొచ్చి, "భలే పిట్టే, ఇప్పుడే ఎగిరినాది" అని వెలిగిపోతున్న మొహంతో చెప్పేవాడు. ఆదిలక్ష్మమ్మకి కోపమూ జాలీ ఒకేసారి వచ్చేవి.

పక్షుల్ని రక్షించలేదా అంటే, అదీ చేశారు పాపం. పరవాడ వైపు ఒక ఊళ్ళో జనం చెరువు కొంగల్ని పట్టి తింటున్నారని తెలిసి, మాన్పించడానికి బయల్దేరారు. పట్నం నుంచి పెద్దలు కొంగల కోసం వస్తున్నారని ముందే కబురు పంపారు. ఊరివాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. అధ్యక్షులవారు ఉపన్యసించినంతసేపూ తలలూపారు, అయ్యాక అరిటాకులు వేసి భోజనం పెట్టారు. కూర బ్రహ్మాండంగా ఉందని తాతబాబు మారు వడ్డించుకున్నాడు. గురునాథరావు ఎముక చప్పరిస్తూ, నాటుకోడేనా అని అడిగాడు.

"కోడేటి బాబూ, మీరు కొంగల కోసం వత్తన్నారని కబురెట్టినారు కదా. నిన్నంతా సెరువులో దిగి పట్టినాం" అన్నాడు ఆ ఇంటి పెద్ద.

శ్రీరామ్మూర్తి గారు శాకాహారి కాబట్టి పెరుగన్నంతో బయటపడ్డారు. ఆ సంగతి తరవాత జరిగిన ప్రతి సమావేశంలోనూ ఆయన గుర్తు చేస్తూ వచ్చారు.

పిట్టలు ఊరి బయట ఉన్నంతకాలం ఇదంతా ఆదిలక్ష్మమ్మకి వినోదమే. ఎనభై మూడో సంవత్సరం ఉగాది వెళ్ళాక అవి ఆవిడ ఇంటికే వచ్చాయి.

వచ్చినవి రాత్రి కొంగలు. బూడిదరంగు ఒళ్ళు, నల్ల తల, ఎర్రటి కళ్ళు. పగలంతా కొమ్మల్లో కునికిపాట్లు పడి, చీకటి పడగానే హార్బరు వైపు వేటకి పోతాయి. నైట్ షిఫ్టు పిట్టలని వీధివాళ్ళు పేరు పెట్టారు. ఎక్కడ నీడ పోగొట్టుకున్నాయో గాని, ఒక్కుమ్మడిగా వచ్చి నిద్రగన్నేరు మీద పుల్లలు పేర్చడం మొదలుపెట్టాయి. గురునాథరావుకి కాలు నేల మీద నిలవలేదు. సంఘం పొదలు మానేసి ఆ అరుగు మీదే మకాం పెట్టింది.

ఆదిలక్ష్మమ్మ మొదటి వాయి వడియాల మీద రెట్ట పడింది. పంచె మార్చింది, చోటు మార్చింది. వాకిలంతా ఆ చెట్టు కిందే. గొడుగు పడితే ఎండ తగలదు, తీస్తే రెట్ట తప్పదు. పైగా సగం అరిగిన చేపలు రాలేవి, వాటి కోసం ఊళ్ళో పిల్లులన్నీ వచ్చి కూర్చునేవి. ఆ వడియాల్లోనే ఏరి, బాగున్నవి అనుకున్నవి ఆడపడుచు గౌరీశ్వరికి పంపిస్తే, డబ్బా వెనక్కి వచ్చింది. "వదినా, ఈసారి ఏదో తేడాగా ఉన్నాది, ఏటీ అనుకోకు" అని కబురు కూడా వచ్చింది.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ వడియం ఎవరూ తిప్పి పంపలేదు. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఇది మగవాళ్ళకి చిన్న విషయంగా కనబడితే అది వాళ్ళ తెలివితక్కువ.

"ఆ సెట్టు కొట్టించీండి" అంది ఆ సాయంత్రం మొగుడితో.

గురునాథరావు పెళ్ళాం మాటకి ఏనాడూ ఎదురాడలేదు. ఆ రోజు ఆడాడు. "గుడ్లు పెట్టినాయే. నాను కొట్టించను. కావాలంటే నన్ను బయటికి గెంటీ."

అంతే, మాటలు బందయ్యాయి. "నీళ్ళు కాగినాయి" అని ఆవిడ గోడకి చెప్పేది. "ఉప్పు తక్కువైనాది" అని ఆయన మజ్జిగ చెంబుకి చెప్పుకునేవాడు. గోడనీ చెంబునీ పట్టుకుని వాళ్ళ కాపురం అలా నడిచింది.

ఆ ఏడాదే రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ పనులకి లారీల రద్దీ పెరిగి, పాత రోడ్డు చాలడం లేదు. ఆదిలక్ష్మమ్మకి ఒక ఆలోచన వచ్చింది. మొగుడికి తెలియకుండా, పక్కింటి పోతమ్మని తోడు తీసుకుని రోడ్ల ఆఫీసుకి వెళ్ళింది. పోతమ్మ చేపలమ్మే మనిషి, నోరున్న మనిషి, కొడుకు కట్టిన మేడింట్లో ఉంటోంది. ఆఫీసులో గుమాస్తా అంతా ఓపిగ్గా విన్నాడు.

"మీ చెట్టు మా లైన్లో లేదమ్మా. మేం తీసేది అవతలి పక్క. కొట్టెయ్యాల్సినవాటికి మానుచుట్టూ ఎర్ర రంగు పట్టీ వేస్తాం. పట్టీ ఉంటే కూలీలు కొడతారు, లేకపోతే ముట్టుకోరు."

"అయితే మా సెట్టుకీ ఒక పట్టీ ఏసీండి బాబూ, మీ రంగేటి తరిగిపోద్ది" అంది పోతమ్మ. గుమాస్తా నవ్వి, కుదరదన్నాడు. ఇద్దరూ ఎండలో పడి ఇంటికొచ్చారు.

తరవాతి ఆదివారం సంఘం అత్యవసర సమావేశం పెట్టింది. అవతలి పక్క చెట్లు ఒక్కొక్కటీ కూలుతున్నాయి. పొరపాటున కూడా ఎవరూ మన చెట్టు మీద చెయ్యి వెయ్యకుండా ఒక గుర్తు పెట్టాలన్నారు శ్రీరామ్మూర్తి గారు. బోర్డు కడితే కూలీలు చదవగలరో లేదో అని సందేహం వచ్చింది. అప్పుడు తాతబాబు లేచాడు.

"ఇందులో ఆలోసనేటి బావా. ఇన్నేళ్ళనుంచి గార్డు పని సేత్తన్నాను. ఎర్ర రంగు కనబడితే ఎంత పెద్ద మెయిలైనా ఆగవలసిందే. లోకంలో ఆగమని సెప్పడానికి ఒకటే రంగు. సెట్టు సుట్టూ ఎర్ర పట్టీ కొట్టీద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. పొద్దస్తమానం రైలు గేటు దగ్గర నిలబడి బతికే కంచరపాలెం మనుషులకి అందులో అనుమానం ఎందుకొస్తుంది. తాతబాబు అప్పటికప్పుడు బజారుకి పరిగెత్తి, సరిగ్గా సిగ్నలు ఎరుపే కావాలని వెతికి డబ్బా కొనుక్కొచ్చాడు.

వంటింట్లో ఆదిలక్ష్మమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. గడప దాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు. కాని ఆ మాట చెబితే, రోడ్ల ఆఫీసుకి ఏం పని మీద వెళ్ళావని అడుగుతారు. పైగా తను తిరిగి తిరిగి సాధించలేని పనిని వీళ్ళే డబ్బులు పెట్టి, ఒళ్ళు వంచి చేస్తున్నారు. అడ్డుపడ్డానికి తనెవరు. వెనక్కి తిరిగి, పై అరలోంచి డబ్బా దించి, గుప్పెడు జీడిపప్పు నేతిలో వేయించి ఉప్మాలో కలిపింది.

బయట మానుచుట్టూ బెత్తెడు వెడల్పున పట్టీ వేశారు. గురునాథరావు మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికీ కనబడని వెనకపక్క కూడా శ్రద్ధగా పూశాడు. అందరూ చేతులు కడుక్కుని అరుగెక్కారు.

"సెల్లెమ్మ ఇవాళ జీడిపప్పు ఏసినాది బావా" అన్నాడు తాతబాబు.

"అమ్మాయిలో పరివర్తన వచ్చింది. పక్షుల మహిమ అటువంటిది" అన్నారు శ్రీరామ్మూర్తి గారు. ఆదిలక్ష్మమ్మ తల వంచుకుని మంచినీళ్ళ గ్లాసులు సర్దింది.

పట్టీ పడ్డాక గురునాథరావు గుండె నిబ్బరపడింది. చెట్టు అక్కడే కాబట్టి బైనాక్యులర్ ఆయన ఇంట్లోనే ఉంచారు. జీవితంలో మొదటిసారి ఆయన వంతు వచ్చేసరికి పిట్ట ఎగిరిపోలేదు. గూట్లో కూర్చునే ఉంది. డ్యూటీ దిగి చొక్కా అయినా విప్పకుండా వచ్చి చూసేవాడు. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం, గోడకీ కాదు చెంబుకీ కాదు, సూటిగా పెళ్ళాంతోనే అన్నాడు.

"ఇలా రా. నువ్వోసారి సూడు."

"ఏటి సూడాల, రెట్టలా?"

"నా వంతు నీకిత్తన్నాను. సూడు."

ఆ వంతు కోసం ఆయన ఎన్నేళ్ళు కాచుకున్నాడో ఆవిడకి తెలుసు. అందుకే కాదనలేకపోయింది. మసక కన్ను మూసుకుని చూసింది. గూట్లో పిల్లలున్నాయి. నెత్తిన బిరుసు వెంట్రుకలు, ఒళ్ళంతా నోరే. అంత అనాకారి పిల్లల్ని ఆవిడ ఏ ఇంట్లోనూ చూడలేదు. తల్లి నడినెత్తి ఎండకి వీపు అప్పగించి, రెక్కలు సగం విప్పి, వాటి మీద నీడ పట్టి నిలబడింది. ముక్కు తెరిచి రొప్పుతోంది గాని అంగుళం కదలలేదు. వడియాల మీద గొడుగు పట్టుకుని తను నిలబడ్డ మధ్యాహ్నాలు ఆదిలక్ష్మమ్మకి గుర్తొచ్చాయి. బైనాక్యులర్ తిరిగి ఇచ్చేసి, "ఎంత అనాకారి గుంటలు" అంది. 

ఆ రోజునుంచి ఆవిడకి అన్నం సహించలేదు. ఇవాళ చెప్పాలి అనుకునేది, మొగుడి మొహంలో ఆ వెలుగు చూసి రేపు చెబుదాంలే అనుకునేది. గొడ్డళ్ళ చప్పుడు రోజూ కొంచెం దగ్గరగా వినబడేది. చివరికి అభిమానం చంపుకుని పోతమ్మ దగ్గరికి వెళ్ళి, వడియాలకి మేడ మీద కాస్త జాగా అడిగింది. అక్కడ పోతమ్మ నెత్తళ్ళ చేపలు ఎండబెట్టేది. ఆ వాసనకి భయపడే ఇన్నేళ్ళూ ఆదిలక్ష్మమ్మ ఆ మెట్లెక్కలేదు. "సగం నీది, సగం నా సేపలది" అంది పోతమ్మ.

మర్నాడు పొద్దున్నే మినప్పిండి రుబ్బి, గుమ్మడి ముక్కలు కలిపి, గంగాళం మేడ మీదికి మోసుకుపోబోతుంటే కూలీలు వచ్చారు. ముందు మేస్త్రీ తవిటయ్య, వెనక రంపాలు, గొడ్డళ్ళు. వస్తూనే కొమ్మకి మోకు బిగించారు. గురునాథరావు పోర్టులో ఉన్నాడు.

"అమ్మా, వాకిట్లో సామాను తీసీండి. సెట్టు పడతాది" అన్నాడు తవిటయ్య.

"ఇది మీ లైన్లో లేదు నాయినా. మీది అవతలి పక్క కదా."

"లైను సంగతి నాకు తెల్దమ్మా. పట్టీ ఉంటే కొడతాను. ఈ రోడ్డు మొత్తమ్మీద ఇంత పెద్ద పట్టీ మరే సెట్టుకీ లేదు. దీన్ని మాత్రం ఒగ్గొద్దని ఎవరో గట్టిగా ఏసినట్టున్నాది."

"అది మా ఆయన ఏసినాడు."

"ఎందుకు, కొట్టించీడానికా?"

"కొట్టకుండా ఉండడానికి."

తవిటయ్య ఆవిడ వంక జాలిగా చూశాడు. టీ తాగొచ్చి మొదలెడదామని కూలీల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

ఆదిలక్ష్మమ్మ కొబ్బరి పీచు తెచ్చి తోమింది. తాతబాబు ఏరి తెచ్చిన రంగు, చెక్కుచెదరలేదు. ఇంట్లో సున్నం లేదు. పైన పిల్లలు ఆకలికి గోల పెడుతున్నాయి. ఆవిడ గంగాళం వంక చూసింది. అది ఆ ఏటి ఆఖరి వాయి. పోయిన పరువు తిరిగొస్తే దాంతోనే రావాలి. కొంగు బిగించి, రెండు చేతులా పిండి తీసి పట్టీ మీద కొట్టింది.

"ఓలమ్మ, ఏటి సేత్తన్నావే?" అంది పోతమ్మ మేడ మీదనుంచి.

"బేగి రా. ఎనకపక్క నువ్వు పట్టు."

తవిటయ్య తిరిగొచ్చేసరికి మానుచుట్టూ తెల్లగా మందంగా ఏదో ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. ఆగలేక నాలిక్కి రాసుకున్నాడు.

"ఇది వడియాల పిండమ్మా."

"ఎండలు కదా నాయినా. సెట్టుకి సలవ సేత్తాదని రాసినాం."

"పచ్చిమిరపకాయలు కూడా ఉన్నాయి."

"రుసికి" అంది పోతమ్మ.

తవిటయ్య తలపాగా సర్దుకుని చాలాసేపు ఆలోచించాడు. "పట్టీ ఉంటే కొట్టీమన్నారు, లేకపోతే ఒగ్గీమన్నారు. పిండి ఉంటే ఏటి సెయ్యాలో సెప్పలేదు. సారుని అడగాల" అన్నాడు. అంతలో పైనుంచి సగం అరిగిన చేప ఒకటి ఆయన తలపాగా మీద పడింది. తలెత్తి చూస్తే అన్నీ తెరిచిన నోళ్ళే. ఇంకేమీ అనకుండా మోకు తనే విప్పుకున్నాడు. మధ్యాహ్నం ఇంజనీరు స్కూటరు మీద వచ్చి, ఈ చెట్టు లైన్లో లేనే లేదని తేల్చి, పట్టీ వేసిన పెద్దమనిషి ఎవరో ఒకసారి చూడాలని ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం సంఘం వచ్చింది. పిండి అప్పటికి మానుకి కరుచుకుని పెద్ద వడియంలా ఎండిపోయింది. గురునాథరావు నిర్ఘాంతపోయాడు. మన రక్షణ చిహ్నాన్ని ఎవరో దుర్మార్గులు చెరిపేశారని శ్రీరామ్మూర్తి గారు మండిపడ్డారు. తాతబాబు మిగిలిన రంగు డబ్బా తీశాడు. గురునాథరావు కుంచె ముంచి, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆదిలక్ష్మమ్మ అరుగు దిగొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎరుపు ఎయ్యకండి. ఆళ్ళ లెక్కలో ఎరుపంటే కొట్టీమని."

"నీకెలా తెలుసమ్మా?" అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

"రోడ్ల ఆఫీసులో సెప్పినారు."

"ఎప్పుడు?"

"మీరు రంగు ఎయ్యకముందే."

 తాతబాబు తన డబ్బాలోకి తాను చూసుకున్నాడు. గురునాథరావు మెల్లగా లేచాడు. మాను మీద వేళ్ళ గుర్తులు చూశాడు, గడప పక్కన బోర్లించిన గంగాళం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు.

"అందుకేటి, ఆ దినం ఉప్మాలో జీడిపప్పు పడ్డాది" అన్నాడు.

"అవును" అందావిడ. కళ్ళు తుడుచుకోబోయి, పచ్చిమిరపకాయల చెయ్యని గుర్తొచ్చి మానేసింది.

"పిండంతా పోనాదా?"

"పోనాది."

"రేపు గుమ్మడికాయలు తెత్తాను" అన్నాడు గురునాథరావు.

తెచ్చాడు కూడా. ఆ వాయి పోతమ్మ మేడ మీద నెత్తళ్ళ పక్కనే ఎండింది. ఆదిలక్ష్మమ్మ గుండె చిక్కబట్టుకుని గౌరీశ్వరికి డబ్బా పంపింది. డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది, ఈసారి ఏదో కొత్త రుచి కలిపావు, ఏమిటో చెప్పమని కబురుతో సహా. ఆవిడ ఇప్పటికీ చెప్పలేదు.

వానలు పడ్డాక ఒక ఆదివారం సంఘం ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుంది. పళ్ళేలు వచ్చాయి. తాతబాబు మొదటి ముద్ద ఎత్తబోయి ఆగిపోయాడు. శ్రీరామ్మూర్తి గారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. జీడిపప్పు. ఒకటీ అరా కాదు, పళ్ళెం నిండా. పళ్ళేలు అక్కడే పెట్టేసి సంఘం మొత్తం చెట్టు దగ్గరికి పరిగెత్తింది. చుట్టూ తిరిగి చూశారు, తడిమి చూశారు. పట్టీ లేదు, మోకు లేదు. చెట్టు నిక్షేపంగా ఉంది.

"ఈసారి ఏటి సేసినావే?" అన్నాడు గురునాథరావు వగరుస్తూ.

"నానేటీ సెయ్యలేదు. గూట్లో పెద్ద గుంటకి రెక్కలొచ్చినాయి."

"ఏదీ, ఎక్కడ?" అంటూ శ్రీరామ్మూర్తి గారు బైనాక్యులర్ లాక్కున్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ కనబడక తాతబాబుకిచ్చారు. తాతబాబు పక్కవాళ్ళకిచ్చాడు. చిట్టచివరికి అది గురునాథరావు చేతికొచ్చింది.

"భలే పిట్టే" అంది ఆదిలక్ష్మమ్మ. "ఇప్పుడే ఎగిరినాది."

గురునాథరావు పెళ్ళాం వేలు చూపించిన వైపు చూశాడు. కొమ్మ ఇంకా ఊగుతోంది.